ఇస్కూలు మిద్దెలో ఏసన్న బండ

ఏసన్న కోపం గురించి మా సీమలో ఎవరినడిగినా చెప్తారు. కోయిలకుంట్ల మొదలు మైదుకూరు దాకా అంతటి కోపిష్టి ఇంతకుముందు పుట్టలేదు, ఇక పుట్టబోడు. ఆయనకు ఒకసారి కోపమొస్తే కుందేటి నీళ్లు పారేవి పారేచోటనే నిలబడిపోయినాయి. చేపలు ఎటు పోవల్లో తెలియక ఒకదాని మొగం ఒకటి చూసుకున్నాయి. రెడ్డి దొడ్లో ఎనుములు మూడు పూటలు పాలు చేపలేదు. ఇది విన్నమాట కాదు, ఒట్టు. నమ్మనివాళ్లు ఇప్పుడే లేచి పోవచ్చు, కూర్చున్నవాళ్లకు ఆ కోపం ఎందుకొచ్చిందో చెప్తా.

ఏసన్నది ఊరికి ఎడంగా ఉండే కిరస్తానం పేట. తండ్రి దాసన్న ఎప్పుడో పోయినాడు. ఇంట్లో తల్లి విశ్వాసమ్మ, పెండ్లాం ప్రేమమ్మ, ఆయన. ప్రేమమ్మ నిండు చూలాలు. ఏసన్న రెడ్డి ఇంట్లో జీతగాడు. పొద్దు పొడవకముందే దొడ్లో పేడ ఎత్తాల, పొద్దెక్కితే మడక దున్నాల, పొద్దు కుంకితే ఎద్దులకు చొప్ప వేయాల. జీతం ఉగాదికి ఉగాదికి మళ్లీ కుదురుతుంది. కుదరడమంటే ఇద్దరు మాట్లాడుకుని కుదిరేది కాదు. రెడ్డి అరుగు మీద నుంచి, ఏమిరా ఈ యేడు కూడా ఉంటావు కదా అంటాడు, కింద నిలబడినవాడు తల ఊపుతాడు. దాసన్న అట్ల ఊపి ఊపే పోయినాడు. కొడుకు కూడా మీసాలు రాకముందు నుంచీ ఊపుతూనే ఉన్నాడు.

ఈ యేడు మాత్రం ఊపబుద్ధి కాలేదు. ఒకనాడు దొడ్లో రెడ్డి నవ్వుకుంటా, నీ పెండ్లాం దూడలు కాసేవాణ్ణి కంటాదా, పేడ ఎత్తేదాన్ని కంటాదా అని అడిగినాడు. ఇంకా పుట్టని బిడ్డకు అప్పుడే పని చూపించేసినాడు. ఏసన్న నెత్తి మీద పేడగంప ఉండాది. దాన్ని రెడ్డి మొగాన కుమ్మరించలేదు. మోసుకుని పోయి దిబ్బలో వేసి, మనుషులు లేరని చూసుకుని, ఆ దిబ్బను శానాసేపు తన్నినాడు.

అటువంటప్పుడు మారెన్న మోకాళ్లు పట్టేసినాయి. మారెన్న కాలవ లస్కరు. లస్కరంటే కట్ట మీద తిరిగే సర్కారు మనిషి. ఓవర్సీరు చెప్పినప్పుడు తూము తలుపు ఎత్తాల, చెప్పినప్పుడు దించాల. కట్టకు ఎలుకలు బొరియలు తోడితే పూడ్చాల, ఎనుములు దిగితే తోలాల. కాకీ చొక్కా ఇస్తారు, రొమ్ముకు అడ్డంగా తోలుపట్టా, దాని మీద ఇత్తడి బిళ్ళ. పని పెద్దదేమీ కాదు. అయితే పైరు వాడుముఖం పట్టిన రోజున ఎంత రెడ్డైనా కట్ట మీదికొచ్చి, ఏమప్పా మారెన్నా, మా తూముకు ఎప్పుడిడుస్తావప్పా అని అడగాల్సిందే. ఏసన్నను పుట్టినప్పటినుంచి ఊళ్లో రేయ్ అనడమే గానీ అప్పా అన్నవాడు లేడు. బిడ్డ పుట్టేలోగా ఆ బిళ్ళ తన రొమ్ము మీదికి రావల్లని ఆయన పట్టు పట్టినాడు. తీరిక దొరికినప్పుడంతా మారెన్న ఎనకాల కట్ట పొడుగునా తిరిగి, ఎలుక బొరియ యాడ తోడుతుందో ఎలుకకన్నా ముందు తెలుసుకునేంత పనోడైనాడు.

మారెన్న తనే ఓవర్సీరు దగ్గరికి పోయి, ఈ పిల్లోణ్ణి నా చోటున పెట్టుకోండి సామీ అని అడిగినాడు. ఐదో తరగతి పాసైనట్టు ఇస్కూలు నుంచి కాయితం తెమ్మను, ఉగాదిలోగా తెస్తే చూస్తా అన్నాడంట ఓవర్సీరు. కొత్త రూలంట.

"నీకుండాదా మామా ఆ కాయితం?" అని అడిగినాడు ఏసన్న.

"నేను చేరినప్పుడు కాలవలో నీళ్లుండె గానీ రూల్లు లేవురా" అన్నాడు మారెన్న, మోకాళ్లు రుద్దుకుంటా.

ఏసన్న నేరుగా పేటలో ఇస్కూలుకు పోయినాడు. అది వారమంతా ఇస్కూలు, ఆదివారం గుడి. రాతిగోడలు, నాపబండల మిద్దె. ఆ మిద్దె సంగతి ముందు చెప్పకపోతే తర్వాత జరిగింది అర్థం కాదు.

ఏసన్న చిన్నప్పుడు అది బోదగడ్డి కప్పిన కొట్టం. మిషను దొర వచ్చి, గోడలూ మిద్దే మీరు లేపుకోండి, చదువు చెప్పేవాణ్ణి నేనిస్తా అన్నాడు. ఇంటికొక బండ అని పేటలో పెట్టుకున్నారు. ఎవరి బండ అడుగున వాళ్ల గుర్తు ఉలితో చెక్కించుకున్నారు. ఒకరిది మడక, ఒకరిది చేప, ఒకరిది కొడవలి. దాసన్న ఇంటిది పిచ్చిక. దాసన్న చేతిలో అది కోడిపెట్ట మాదిరి వచ్చింది గానీ, విశ్వాసమ్మ మాత్రం పిచ్చికే అని వాదించేది. బండలు మిద్దెకెక్కినాక గుర్తులు కిందికి కనపడేవి. ఆదివారం ఆరాధనకు వస్తే ఎవరి బండ కింద వాళ్లు కూర్చోవాల. ఇది ఏ దొరా చెప్పింది కాదు, బైబిల్లో ఉండేదీ కాదు. దేవుడు పైనుంచి చూస్తే ఎవరిల్లు ఏదో ఆ బండను బట్టి ఆనవాలు పడతాడని, పక్కవాళ్ల బండ కింద కూర్చుంటే మన ప్రార్థన పోయి వాళ్ల లెక్కలో పడుతుందని పేటవాళ్ల నమ్మకం. విశ్వాసమ్మకైతే జ్వరమొచ్చి వణికినా ఆ పిచ్చిక కిందనే వణకాల.

మరి ఆ బండలు మోసిందెవరు? పెద్దోళ్లంతా రెడ్ల చేన్లలో ఉండిరి. దావీదురాజు అయ్యవారు మూడో తరగతిలో ఒడ్డూ పొడుగూ ఉన్న ముగ్గురు పిల్లల్ని లేపి, గుట్ట కాడి గనికి పోయి బండలు మోసుకు రాండిరా, దేవుని పని అన్నాడు. ఏసన్న, యోనా, సాలోమోను. గుంజకు తాళ్లు కట్టి, భుజాలు మార్చుకుంటా, రెండు ఎండాకాలాలు మోసినారు. మిద్దె లేచినాక ముగ్గురూ పలకలు తుడుచుకుని లోపలికొచ్చినారు. హాజరు లేదు గనక మీ పేర్లు కొట్టేయాల్సి వచ్చింది, మిషను రూలు అన్నాడు అయ్యవారు. పంపించింది ఆయనే, రాలేదని కొట్టేసింది ఆయనే. పిల్లోళ్లకు అప్పుడు కోపం రాలేదు. బడి తప్పిందని ఎగురుకుంటా పోయి రెడ్ల దూడలెంట పడినారు. రావాల్సిన కోపం దోవ తప్పి, ఏండ్ల తర్వాత ఇల్లు వెతుక్కుంటా వచ్చింది.

ఏసన్న వాకిట్లో నిలబడి, ఐదు పాసైనట్టు ఒక కాయితం రాసియ్యమని అయ్యవారిని అడిగినాడు. దావీదురాజు చెడ్డవాడు కాదు. అదే చిక్కు. అబద్ధమాడితే నాలుక మీద బొబ్బలొస్తాయని నమ్మే మనిషి.

"నువ్వు చదివింది మూడు, అదీ సగం. ఐదని యెట్ల రాస్తా ఏసన్నా?"

"మిగతా సగం ఏమైందో నీకు తెలీదా అయ్యవారూ?"

తెలుసు అన్నాడు అయ్యవారు. దేవుని పని చేసినావు, దానికి పైన ప్రతిఫలం ఉండాది అన్నాడు.

"నాకు పైన వద్దు. కాలవ కాడ కావాల" అన్నాడు ఏసన్న.

అయ్యవారు తల అడ్డంగా ఊపి పిల్లలకేసి తిరిగినాడు. అప్పుడొచ్చింది కోపం. మొదట్లో కుందేరు నిలబడిపోయిందని చెప్పినానే, అది ఈ కోపానికే. నిలబడిన మాట నిజం. కాకపోతే అది ఉగాది ముందు మాసం, కుందేరు శివరాత్రికే ఎండి ఇసక తేలి ఉండె. కోపం రాకముందు నుంచీ నిలబడే ఉండాది పాపం. చేపలు సంతలో ఎండుచేపలు, అవి ఎప్పుడూ ఒకదాని మొగం ఒకటి అట్లనే చూసుకుంటాయి. ఎనుములు పాలు చేపకపోవడం మాత్రం అక్షరాలా నిజం. మూడు పూటలు ఏసన్న వాటికి మేత వేయలేదు.

మేత వేయకుండా ఏం చేసినాడంటే, ఇంటికి పోయి గడారీ పారా తెచ్చుకుని ఇస్కూలు మిద్దెక్కినాడు. పైన పరిచిన చౌడుమట్టి పారతో తోసేసినాడు. తన బండ ఏదో ఆయనకు వెతుక్కునే పని లేదు. గడారి మొన అంచు కింద దూర్చి ఎత్తితే, కింద ఎక్కాలు చదివే పిల్లల మీద మన్ను రాలింది. అయ్యవారు పిల్లల్ని బయటికి తోలి, దిగురా, దేవుని ఇల్లురా అని వాకిట్లో నుంచి అరిచినాడు. బండ లేచింది గానీ ఒక్కడు దించేది కాదు. చేను పనికి పోతాన్న యోనా, సాలోమోను దోవలో ఆగి కాసేపు చూసినారు. పైకెక్కి చెరొక అంచు పట్టుకున్నారు. ముగ్గురూ ఆ బండను తెచ్చినట్టే భుజాలు మార్చుకుంటా తీసుకుపోయి ఏసన్న ఇంటి గోడకు ఆనించినారు. మరునాడు యోనా చేప, సాలోమోను కొడవలి కూడా దిగినాయి.

విశ్వాసమ్మ కొడుకును తిట్టిన తిట్లు చెప్పడానికి కుదరదు. చెప్పగలిగింది ఒకటే.

"నా నెత్తి మీది బండ తీసేస్తివి గదరా. ఇంక పైనున్న ఆయప్ప నన్ను యాడని వెతుక్కుంటాడు?"

"ఇప్పుడు బాగా అగపడతావులేమ్మా. మధ్యన అడ్డమేమీ లేదు" అన్నాడు ఏసన్న.

ఆమె ఆ పూట సంగటి గెలకలేదు. కొడుకుతో మాట్లాడలేదు. ఆదివారం వచ్చింది. ఆరాధనకు మిద్దె కింద అందరూ ఎవరి చోట వాళ్లు సర్దుకుని, విశ్వాసమ్మా ఇట్ల మా బండ కిందికి రా అని జరిగి చోటిచ్చినారు. ఆమె పోలేదు. ఎప్పుడూ కూర్చునే చోటనే కూర్చుంది. పైన పిచ్చిక లేదు, ఎండ ఉంది. ఫాల్గుణమాసపు ఎండ నిలువునా ఆమె మీద పడుతోంది. కొంగు నెత్తిన వేసుకుని, ఒక్క చరణం వదలకుండా అన్ని కీర్తనలూ పాడింది. చెమట గడ్డం నుంచి కారి ఒళ్లో చేతుల మీద పడుతోంది. అయ్యవారు ఆ పక్క చూడకుండా వాక్యం చెప్పాలని చూసినాడు. కుదరక మధ్యలోనే ముగించి, దగ్గరికొచ్చి, నీడకు జరగరాదా విశ్వాసమ్మా అన్నాడు.

ఆమె కోపం కొడుకు మీదనే అని అంతా అనుకున్నారు.

"నీడలో కూర్చునేది చదివినోళ్లు అయ్యవారూ. మేము మోసినోళ్లం" అంది.

పేటలో ఆడోళ్లు పొయ్యి మీద ఎసరు పెట్టేముందు పిడికెడు జొన్నలు తీసి అయ్యవారి కుండలో వేస్తారు. ఆయన సంసారం నడిచేది దాని మీదనే. ఆ ఆదివారం తర్వాత శానా ఇండ్లలో పిడికిలి బిగిసింది, తెరుచుకోలేదు. ఎవరూ ఎవరికీ చెప్పుకోలేదు. కుండ మాత్రం ఖాళీగా తిరిగొచ్చింది.

దానికి తోడు ఇస్కూళ్ల ఇన్‌స్పెక్టరు రాబోతాండాడని కబురొచ్చింది. దావీదురాజు ఏసన్న ఇంటికి వచ్చినాడు. గోడకు ఆనిన బండ మీద పిచ్చిక ఆయన్నే చూస్తాండాది. మిద్దెకు ఇట్ల బొక్కలుంటే గ్రాంటు పోతుందని, గ్రాంటు పోతే ఇస్కూలు మూతపడుతుందని మెల్లగా చెప్పినాడు.

"పడనీ" అన్నాడు ఏసన్న. "తెరిచి ఉన్నప్పుడు నాకేమి ఒరిగింది? రేపు నా కొడుకొచ్చినా లేపి గనికి పంపిస్తావు."

అయ్యవారు బండ పక్కన నేల మీద చతికిలబడినాడు. తర్వాత చెప్పిన మాట ఆయన పెండ్లానికి కూడా అంతవరకు చెప్పలేదంటారు.

"నేనూ ఎనిమిదో తరగతి తప్పినోణ్ణే ఏసన్నా. దొర జాలిపడి ఈడ పెట్టినాడు. ఇస్కూలు పోతే నేనూ ఏదో ఒక రెడ్డి అరుగు కింద నిలబడి తల ఊపాల్సిందే."

"అట్లాంటోడివి నాకెందుకు రాసియ్యవు?"

"పాసని రాయను. జరిగింది రాస్తా."

అట్లయితే మూడు బండలూ నేనే ఎక్కిస్తా అన్నాడు ఏసన్న. అయ్యవారు అక్కడే బండ మీద కాయితం పెట్టి రాసినాడు. ఈ ఏసన్న మా ఇస్కూల్లో మూడో తరగతి చదువుతాంటే నేనే లేపి బండలు మోయించినానని, రాలేదని నేనే పేరు కొట్టేసినానని, పిల్లవాడు తెలివిగలవాడని, తప్పు నాదని, దావీదురాజు అని. ఇది మిషను దొర కంటపడితే తన చోటు పోతుందని ఆయనకు తెలుసు. తెలిసే కింద పేరు పెట్టి, చదివి వినిపించినాడు. తప్పు నాది అన్నచోట ఇంకొకసారి చదవమన్నాడు ఏసన్న. చదివినాడు. ఇంకొకసారి అన్నాడు. అప్పుడు మాత్రం అయ్యవారికి కోపమొచ్చి, నీకేమన్నా చెవుడా అన్నాడు. చిన్నప్పటినుంచీ చెవుడే అయ్యవారూ, ఆ మాట ఎవరూ అనంగా వినపడలేదు అన్నాడు ఏసన్న.

ఆ సాయంత్రమే మూడు బండలూ మిద్దెకెక్కినాయి. ఓవర్సీరు ఏమంటాడో తెలియకముందే ఏసన్న తన మాట నిలబెట్టుకున్నాడు. చౌడుమట్టి తనే తొక్కి గట్టిచేసినాడు. విశ్వాసమ్మ లోపలికి పోయి మెడ ఎత్తి పిచ్చికను చూసుకుని, కొంచెం పక్కకు తిరిగి కూర్చుంది, రేపటినుంచి మాట్లాడవచ్చులే అన్నట్టు.

మరునాడు ఏసన్న, అయ్యవారు, కుంటుకుంటా మారెన్న, ముగ్గురూ కాలవ బంగళాకు పోయినారు. ఓవర్సీరు లోపల బల్ల ముందర కూర్చుని ఉన్నాడు. మారెన్న విప్పి ఇచ్చిన తోలుపట్టా ఆయన ఎనక చిలకకొయ్యకు వేలాడుతోంది, బిళ్ళ తళతళమంటోంది. ఆయన కాయితం పైనుంచి కిందికి చదివి నవ్వినాడు.

"ఇది పాసైన కాయితం కాదే. ఎందుకు పాసు కాలేదో చెప్పే కాయితం."

"అదే గదా సామీ నిజం" అన్నాడు ఏసన్న.

"నిజం నాకెందుకురా? రూల్లో నిజం అని లేదు, పాసు అని ఉంది."

అయ్యవారు ఏదో చెప్పబోయినాడు. ఓవర్సీరు చేత్తో ఆపినాడు. ఓవర్సీరు కాళ్లు పట్టుకోమన్నట్టు మారెన్న ఏసన్నను మోచేత్తో పొడిచినాడు. ఏసన్న వంగలేదు. గొంతు పెంచలేదు. ఆయన కోపం ఆ రోజు పూర్తిగా ముదిరిపోయి, చల్లగా అయిపోయింది. మొగం పైకెత్తి బంగళా మిద్దె కేసి చూసినాడు. అదీ నాపబండలదే.

"సామీ, ఈ మిద్దె మోసినోళ్లు ఎన్నో తరగతి పాసైనారో అడిగి మోయించుకున్నారా?"

ఓవర్సీరు కూడా మిద్దె కేసి చూసినాడు. ఏసన్న చూపు ఒక బండ అంచు నుంచి ఇంకొక బండ అంచుకు నిదానంగా పోతాంది, గడారి యాడ దూర్చాలో చూసుకుంటున్నట్టు. పేటలో జరిగిన సంగతి ఓవర్సీరు చెవిన అప్పటికే పడింది. ఆయన కుర్చీలో నుంచి లేచినాడు. చిలకకొయ్య మీది తోలుపట్టా తీసి, తన చేత్తోనే ఏసన్న రొమ్ముకు అడ్డంగా వేసి, బిళ్ళ సరిచేసి, పో అప్పా, పోయి పైతూము చూసుకో అన్నాడు. అప్పా అన్నాడు. మారెన్న అక్కడే కూలబడి ఏడ్చినాడు. ఆ యేడు వాన తప్పినప్పుడు రెడ్డి కట్ట మీదికొచ్చి, తలపాగా సర్దుకుని, ఏమప్పా ఏసన్నా, మా తూముకు ఎప్పుడిడుస్తావప్పా అని అడిగినాడు. చూస్తానులే రెడ్డీ అన్నాడు ఏసన్న.

ఇంతవరకు జరిగింది జరిగినట్టే చెప్పినా, ఒక్కటి తప్ప. పిచ్చిక నిజం, ఎండలో కూర్చున్న ముసలామె నిజం, అయ్యవారి కాయితం నిజం. ఏసన్న అడిగిన మాట కూడా నిజమే. ఓవర్సీరు కుర్చీలో నుంచి లేచింది మాత్రం నేను కల్పించినా. దాని ఎనకాల వచ్చిన బిళ్ళ, అప్పా, మారెన్న ఏడుపు, రెడ్డి తలపాగా అన్నీ దానితో పాటు పోతాయి. ఆయన లేవలేదు. మిద్దె కేసి చూడనన్నా లేదు. కాయితం కింద పారేసి, వీళ్లను బయటికి పంపమని బంట్రోతుకు చెప్పినాడు. బిళ్ళ పాసైనవాడికి పోయింది. ఉగాదినాడు రెడ్డి అరుగు మీద నుంచి అడిగితే ఏసన్న తల ఊపకుండా తిరిగి నడిచి, బనగానపల్లె నవాబు సీమలో బండల గనికి పోయినాడు. ఆడ కాయితం అడగలేదు, నడుము అడిగినారు. బతికినన్నాళ్లు ఇచ్చినాడు.

ఓవర్సీరు తగిలించని బిళ్ళ నేను తగిలించినా. తప్పని ఎవరికన్నా తోస్తే, వచ్చి తీసుకుపొండి. వచ్చేటప్పుడు ఎన్నో తరగతి పాసైనారో కాయితం మాత్రం తెచ్చుకోండి.